ప్రతి ఆదివారం మూడింటికి వచ్చే పిల్లలకు

తిరుపతిలోని మా బాలల గృహానికి ఏడాది పొడవునా ఆదివారం మధ్యాహ్నం వచ్చి, మా పిలకాయలకు చదువు చెప్పి, ఆడించి వెళ్తున్న హైస్కూలు, ఇంటర్ విద్యార్థులకు మా సిబ్బంది అందరి తరఫున కృతజ్ఞతలు. కొర్లగుంట నుంచి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళకు, ఎస్టీవీ నగర్ నుంచి జట్టుగా నడిచి వచ్చేవాళ్ళకు, రేణిగుంట నుంచి షేర్ ఆటో పట్టుకుని వచ్చేవాళ్ళకు, ఎండాకాలంలోనూ వద్దనకుండా పంపిన వాళ్ళ అమ్మానాన్నలకూ.

పేర్లు రాయడం లేదు. వచ్చేవాళ్ళు కూడా పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళే కదా. మా పిల్లల ఫొటోలు కూడా ఇక్కడ కనిపించవు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి గృహాల్లో ఉండే పిల్లల పేరు, బడి, ఫొటో, గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదు. చేతిలో ఫోనున్న వయసులో ఈ నియమాన్ని పాటించడం తేలిక కాదు. వచ్చీ రాగానే ఫోన్లన్నీ ఆఫీసు బీరువాలో పెట్టి, వెళ్ళేటప్పుడు తీసుకునే పద్ధతిని వాళ్ళే మొదలుపెట్టారు. ఒక్క సెల్ఫీ కూడా బయటికి పోలేదు. ముందుగా దానికి కృతజ్ఞతలు.

మా గృహానికి పండగలప్పుడు మిఠాయిలు వస్తాయి, పుట్టినరోజులకు కేకులు, బిర్యానీ వస్తాయి. తెచ్చినవాళ్ళందరికీ రుణపడి ఉన్నాం. అయితే ఈ పిల్లలు తెచ్చింది వేరు. అదే వారం, అదే గంట, అవే ముఖాలు. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి కనిపించకుండా పోవడం చూసిన బిడ్డకు దీని విలువ చాలా పెద్దది. ఎవరో ఒకసారి వచ్చి, బాగా ఆడించి, వెళ్తూ వెళ్తూ "మళ్ళీ వస్తాలే" అంటారు. చిన్నపిల్లలు దాన్ని మాటగానే తీసుకుంటారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడతారు. అన్నం సరిగా తినరు, పక్కవాళ్ళను కొడతారు. కారణం మనకు వెంటనే తట్టదు. అందుకే వీళ్ళు "మళ్ళీ వస్తా" అనరు, "వచ్చే ఆదివారం మూడింటికి" అంటారు. రాలేకపోతే శనివారం సాయంత్రంలోగా వార్డెన్‌కు ఫోన్ చేస్తారు. ఆ మాట పిల్లలకు రాత్రి భోజనాలప్పుడే చెప్తాం. ముందే తెలిస్తే పిల్లలు తట్టుకుంటారు, ఎదురుచూసి ఎదురుచూసి తెలుసుకుంటేనే కుంగిపోతారు. ప్రతి జట్టుకూ ఇద్దరేసి అక్కలో అన్నలో ఉండేట్టు చూసుకున్నారు కాబట్టి ఒకరు రాకపోయినా రెండోవాళ్ళు ఉంటారు.

చదువు చెప్పిన తీరు గురించి కాస్త వివరంగా రాస్తాం, ఎందుకంటే ఇది వేరే చోట కూడా పనికొస్తుంది.

వాళ్ళు పిల్లల్ని తరగతిని బట్టి కూర్చోబెట్టలేదు. ఆరో తరగతి అని రిజిస్టరులో ఉన్నా, మధ్యలో రెండు మూడు బడులు మారిన బిడ్డకు గుణింతం దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. మొదట ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఒక అట్ట చూపించారు. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక పొట్టి కథ ఉంటాయి. అయిదు అక్షరాల్లో నాలుగు సరిగా చదివితే మాటలకు, అయిదు మాటల్లో నాలుగు చదివితే పేరాకు వెళ్ళాలి. ఎక్కడ ఆగితే అదే ఆ బిడ్డ జట్టు. నాలుగో తరగతి పాప, ఏడో తరగతి పిల్లవాడు ఒకే జట్టులో పడితే పెద్దవాడు చిన్నబోతాడు. అలాంటి చోట పెద్దపిల్లల్ని మేడమీద గదిలో విడిగా కూర్చోబెట్టారు. అక్షరాల జట్టులో ఒక్కొక్కరికి ఇద్దరే పిల్లలు, చదవగలిగే జట్టులో నలుగురు. అంతకు మించితే చివర కూర్చున్నవాళ్ళు గోడ చూస్తూ ఉండిపోతారు.

అట్టలు కొనలేదు. పాత శుభలేఖలు పోగుచేసి, వెనక తెల్లగా ఉన్న వైపు వాడారు. అక్షరం నల్ల స్కెచ్‌తో, గుణింతపు గుర్తు ఎర్రరంగుతో, ఒత్తు నీలిరంగుతో రాశారు. తెలుగు చదవడంలో పిల్లలు ఎక్కువగా తడబడేది గుర్తుల దగ్గరే. "క కా కి కీ" అని రాగం తీసి పాడేస్తారు, విడిగా "కొ" చూపిస్తే తెల్లమొహం వేస్తారు. పాట నోటికి వచ్చింది, కంటికి రాలేదన్నమాట. అందుకే గుణింతాన్ని మధ్యలోంచి, చివర్నుంచి అడిగారు. ఒకే గుర్తును పది అక్షరాలకు తగిలించి చదివించారు: కొ, మొ, తొ, పొ. ఒత్తుల దగ్గర "అక్క"ను "అకక" అని చదివేవాళ్ళతో చప్పట్లు కొట్టించారు. ఒత్తు ఉన్నచోట గొంతు ఆగుతుంది కాబట్టి రెండు చప్పట్ల మధ్య ఆగడం చేతికి తెలుస్తుంది. ప, వ, ష లాంటివి, ద, డ, ధ లాంటివి చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. వాటిని ఒకేరోజు చెప్పలేదు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. నగరి, పుత్తూరు వైపు నుంచి, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన పిల్లల్లో ఇంట్లో తమిళం మాట్లాడినవాళ్ళున్నారు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, త, ద లకూ అంతే. దాంతో ఈ పిల్లలు "గది"ని "కతి" అని రాస్తారు. అది మొద్దుతనం కాదు. తమిళం తెలిసిన ఇంటర్ అమ్మాయి ఒకామె ఈ జట్టును తీసుకుంది. గొంతు మీద వేలు పెట్టించి, "గ" మొదలుపెట్టగానే అదురు ఎలా తెలుస్తుందో, "క" మొదట్లో ఎలా తెలియదో చూపించింది. ఇది మా సిబ్బందికి కూడా కొత్తే. నీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు తల్లీ.

చదివేటప్పుడు జరిగే పెద్ద మోసం, అన్న చదువుతుంటే వెనకాలే అప్పజెప్పడం. వింటే చదువుతున్నట్టే ఉంటుంది. వీళ్ళు దానికి కనిపెట్టిన విరుగుడు చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి చదివించడం. కంఠస్థం చేసినవాళ్ళు అక్కడే దొరికిపోతారు. తప్పు పోయినప్పుడు వెంటనే అందుకోకుండా మనసులో అయిదు లెక్కపెట్టేవరకు ఆగడం కూడా వాళ్ళు పెట్టుకున్న నియమమే. ఆ కాస్త వ్యవధిలో సగం మంది తమంతట తామే సరిదిద్దుకుంటున్నారు. బడి పుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు ఉంటాయి. ముందు తెలుగు పేజీ చదివి విషయం అర్థమయ్యాకే ఇంగ్లిష్ పేజీకి వెళ్ళారు. పెద్దపిల్లలకు సైన్సు భయం తగ్గింది దీనివల్లే.

లెక్కలకు చీపురు పుల్లలు వాడారు. రెండు వందల పుల్లలు, పదేసి ఒక కట్ట, రబ్బరు బ్యాండు. 52లోంచి 27 తీసేయమంటే మా పిల్లల్లో చాలామంది 35 అని వేసేవాళ్ళు. ఏడులోంచి రెండు తీయడం తెలుసు, రెండులోంచి ఏడు పోదు కాబట్టి తిరగేసి చేసేస్తారు. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందుపెట్టి "ఏడు ఇవ్వు" అంటే బిడ్డ తనంతట తనే ఒక కట్ట విప్పుతుంది. అప్పుడు పన్నెండు విడి పుల్లలు, నాలుగు కట్టలు. చేతులతో విప్పిన తర్వాతే పలక మీద రాయించారు. పలకలే ఎందుకంటే, తప్పు పోతే తుడిచేస్తే సరి. నోటుబుక్కులో ఎర్ర ఇంకు గీతలు చూసి చూసి బెదిరిపోయిన పిల్లలకు ఆ ధైర్యం కావాలి.

వామనగుంటలు ఎక్కాల పాఠమే. పద్నాలుగు గుంటలు, గుంటకు అయిదేసి చింతపిక్కలు, మొత్తం డెబ్బయి. పంచడానికి ముందు "ఇవి ఎక్కడ అయిపోతాయి?" అని అడిగితే పిల్లలు లెక్కపెట్టకుండా ముందే ఊహించడం నేర్చుకుంటారు. చిన్నవాళ్ళ చేతికి పిక్కలు ఇవ్వలేదు, నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. వాళ్ళకు శీతల పానీయాల సీసా మూతలిచ్చారు.

మూడు నుంచి అయిదు వరకు రెండు గంటల్లో చదువు ఒక గంట, లెక్కలు అరగంట దాటలేదు. మిగతాది ఆట. ఏడుపెంకులాట, ఖోఖో, తొక్కుడుబిళ్ల. ఓడిపోతే ఏడ్చేవాళ్ళు, బంతి విసిరికొట్టేవాళ్ళు ఉంటారు. ఓడినవాళ్ళు బయటికి వెళ్ళిపోయే ఆటల కన్నా జట్టు మారే ఆటలే ఎక్కువ ఆడించారు. బయట కూర్చోబెడితే గొడవ మొదలయ్యేది అక్కడే. ఆఖరి పది నిమిషాలు అందరూ గుండ్రంగా కూర్చుని, ఉడకబెట్టిన శెనక్కాయలో బొరుగులో తింటూ ఒక కథ వినేవాళ్ళు. ఆట ఊపులో ఉండగా ఒక్కసారిగా లేచి వెళ్ళిపోతే చిన్నపిల్లలు కాళ్ళకు చుట్టుకుంటారు. అందుకే ఈ పది నిమిషాలు ఏ వారమూ వదల్లేదు.

పాటించడానికి కష్టమైన నియమాలూ ఉన్నాయి. "మీ అమ్మానాన్న ఏరి?" అని అడగకూడదు. ఇక్కడున్నవాళ్ళలో అమ్మో నాన్నో ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. బిడ్డ చెప్తే వినాలి, తవ్వకూడదు. తనకు నచ్చిన ఒక్క బిడ్డకే రిబ్బనో పెన్నో తెచ్చి ఇవ్వకూడదు, ఆ రాత్రే హాల్లో దానికోసం కొట్లాట జరుగుతుంది. ఏ బిడ్డతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. "ఎవరికీ చెప్పనని ఒట్టేయి" అని బిడ్డ అడిగినా ఒట్టేయకూడదు. మనసు నొచ్చే మాట ఏదైనా బిడ్డ చెప్తే, ప్రశ్నల మీద ప్రశ్నలు వేయకుండా విని, ఆ రోజే సూపరింటెండెంట్‌కు చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. ఎవరికి చెప్పాలో తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 ఉంది. పదహారేళ్ళ వాళ్ళ భుజాల మీద ఈ బరువు ఉండకూడదనే ఇంత స్పష్టంగా పెట్టుకున్నాం. వాళ్ళు ఒక్కటీ మీరలేదు. జ్వరం, కళ్ళకలక, ఆటలమ్మ వచ్చినప్పుడు ఇంట్లో ఆగిపోయినందుకూ కృతజ్ఞతలు. హాల్లో ఒకరికి వస్తే వరసగా అందరికీ అంటుకుంటుంది.

ప్రతి బిడ్డకూ ఒక పేజీ పెట్టారు. ఈ వారం ఏ అక్షరం దగ్గర ఆగింది, వచ్చే వారం ఎక్కడ మొదలుపెట్టాలి అని రెండే లైన్లు. ఆ పుస్తకం ఆఫీసు దాటి బయటికి పోదు. ఫిబ్రవరి, మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలతో సగం మంది ఆగిపోయారు. తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చి ఆ పేజీలు చూసుకుని ఆగినచోటి నుంచే అందుకున్నారు. ఆ పుస్తకమే లేకుంటే ప్రతి మార్పుకూ మళ్ళీ "అ ఆ"ల దగ్గరికే వచ్చేవాళ్ళం.

ఇంటర్ పూర్తిచేసి బయటి ఊళ్ళకు చదువుకు వెళ్తున్నవాళ్ళు ఆ సంగతి పిల్లలకు చివరి రోజున కాకుండా మూడు వారాల ముందే చెప్పారు. తమ చోటికి వచ్చే చెల్లినో తమ్ముణ్ణో వెంటబెట్టుకొచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని జట్టును అప్పగించారు. మేం కోరకముందే ఇది చేశారు. ఇంత ముందుచూపు ఉన్న పిల్లల్ని కన్న తల్లిదండ్రులకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం.

జూన్‌లో బడులు తెరిచాక కొత్త జట్టు మొదలవుతుంది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు ఎవరైనా రావచ్చు. తల్లిదండ్రులు సంతకం చేసిన అనుమతి పత్రం, బడి లేదా కాలేజీ గుర్తింపు కార్డు కావాలి. కనీసం ఆర్నెల్లు ప్రతి ఆదివారం రాగలమనుకున్నవాళ్ళే పేరు ఇవ్వండి. మొదటి రెండు ఆదివారాలు పాఠం చెప్పకుండా పక్కన కూర్చుని చూడాలి. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటే పారేయకుండా తీసిపెట్టండి, నీలం స్కెచ్‌లు కూడా అయిపోవచ్చాయి.