ఉష్ణోగ్రతతో పాటు ఎక్కడ కొలిచారో కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మే నెల వస్తే చాలు, మన విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర తీశామంటూ ఏదో ఒక కారు డ్యాష్‌బోర్డు ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది. తెర మీద 52 డిగ్రీలు. కింద 'పేపర్లో 43 వేసి నిజం దాస్తున్నారు' అన్న మాట. దాన్ని నమ్మినవాళ్లను తప్పుపట్టలేం. అంకె కళ్లెదుటే ఉంది. అది దేని వేడో చెప్పేవాళ్లే లేరు. మీ పత్రికలో రోజూ వచ్చే వాతావరణం పెట్టె ఆ పని చేయగలదు.

కారులో ఉష్ణోగ్రత చూసే సెన్సర్ చాలావరకు ముందు బంపర్ దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం తారురోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది. దానికి ఇంజన్ వేడి, ముందు బండి పొగ తోడవుతాయి. అదే కారు వారధి మీదికి వెళ్లి కాసేపు గాలి తగిలేలా నడిస్తే అంకె దిగుతుంది. ఇక మామూలు ఫోన్లలో బయటి గాలిని కొలిచే థర్మామీటరే ఉండదు. యాప్ చూపేది కంప్యూటర్ వేసిన అంచనా.

విజయవాడ పేరుతో వాతావరణ శాఖ ఇచ్చేది గన్నవరం విమానాశ్రయం దగ్గరి కేంద్రం అంకె. సంప్రదాయంగా ఇలాంటి చోట థర్మామీటర్లను తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో పెడతారు. గోడలకు ఏటవాలు పలకలు రెండు వరసల్లో ఉంటాయి, గాలి ఆడుతుంది, ఎండ దూరదు. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తు. తలుపు ఉత్తరానికి ఉంటుంది, తెరిచినప్పుడు ఎండ పడకుండా. అక్కడ కొలిచేది నీడలోని గాలిని. థర్మామీటరును ఎండలో పెడితే అది తాను కాగిన వేడినే చూపిస్తుంది. అన్నిచోట్లా ఒకే పద్ధతి కాబట్టే గన్నవరాన్ని రెంటచింతలతో, ఈ ఏటిని ముప్ఫై ఏళ్ల కిందటితో పోల్చగలం. ఆ పెట్టెను వన్‌టౌన్ సందులోకి తెస్తే పోలిక చెడుతుంది. అలాగని నగరవాసుల ఫిర్యాదును కొట్టిపారేయకూడదు. కాంక్రీటు పగలు తాగిన వేడిని రాత్రి వదులుతుంది. ఆ ఉక్క గన్నవరం అంకెలో పూర్తిగా కనబడదు.

ఎవరైనా చేయగల పరీక్ష ఒకటుంది. దేశంలో అధికారికంగా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 51 డిగ్రీలు, 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోడీలో. మన ఊళ్లో 52 అంటే దేశ రికార్డు బద్దలైనట్టే. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్‌లో 52.9 వచ్చినప్పుడు వాతావరణ శాఖ ప్రామాణిక పరికరంతో సరిచూసి, అక్కడి సెన్సర్ సుమారు మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతోందని ప్రకటించింది. 52.9 గుర్తున్నంతగా ఆ సవరణ ఎవరికీ గుర్తులేదు. తప్పు బయటపడటమే ఈ పద్ధతి మీద నమ్మకం పెంచాలి, మన దగ్గర అది అనుమానాన్ని పెంచింది.

'ఒంటికి తెలిసే వేడి' వేరే లెక్క. గాలిలో తేమ 60 శాతం ఉంటే 35 డిగ్రీలు కూడా నీడలో 45 లాగా అనిపిస్తాయి, చెమట ఆరదు గనుక. ఒక చానల్ 35 అని, ఇంకో యాప్ 45 అని చూపిస్తే రెండూ నిజమే కావచ్చు. ఏది ఏ లెక్కో చెప్పకపోవడమే చిక్కు.

జులైలో ఇంకో వాట్సాప్ సందేశం వస్తుంది: 'అఫీలియన్ వల్ల ఆగస్టు దాకా చలి, జలుబులు. సూర్యుడి దూరం 9 కోట్ల కిలోమీటర్ల నుంచి 15.2 కోట్లకు పెరుగుతుంది' అని. అఫీలియన్ అంటే భూమి తన కక్ష్యలో సూర్యుడికి అత్యంత దూరంగా ఉండే స్థానం. భూమి సూర్యుడికి 9 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి ఎన్నడూ రాదు. సగటు దూరం 9.3 కోట్ల మైళ్లు, అంటే 15 కోట్ల కిలోమీటర్లు. మైళ్ల పక్కన కిలోమీటర్లు పెట్టేసినట్టున్నారు. జనవరి మొదట్లో 14.7 కోట్లు, జులై మొదట్లో 15.2 కోట్లు, తేడా మూడు శాతమే. సూర్యుడు మనకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది సంక్రాంతి చలికి కాస్త ముందే. రుతువులను నడిపేది భూమి అక్షం 23.5 డిగ్రీల వంపు.

'డిసెంబరులో దుప్పట్లు కప్పుకున్నాం, భూతాపం ఎక్కడుంది?' అనేవాళ్లదీ ఇలాంటి తప్పే, ఏ అంకె దేని కొలతో చూడకపోవడం. ఒక రాత్రి చలి ఆ రాత్రి వాతావరణం. శీతోష్ణస్థితి మార్పు తేలేది వేల కేంద్రాల్లో దశాబ్దాల పాటు ఒకే తీరున కొలిచిన సగటుల్లో. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో 2024 సగటు 1850–1900 కాలం కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం అదనంగా నీటి ఆవిరిని పట్టుకుంటుంది, కురిస్తే వానా అంత భారీగా ఉంటుంది. బుడమేరు ముంపు చూసిన ఊళ్లో ఈ మాట అందరికీ తెలిసి ఉండాలి.

అందుకే నా విన్నపం. వాతావరణం పెట్టెలో అంకె పక్కన కేంద్రం పేరు, ఆ తేదీకి సాధారణ ఉష్ణోగ్రత, తేడా, తేమ శాతం కూడా వేయండి. వడగాడ్పు ప్రకటనకు ఆ తేడాయే కీలకం: మైదానంలో కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 ఎక్కువుండాలి, తీరంలో తేడా అంతే ఉండి, 40కి బదులు 37 చాలు. 45 చేరితే తేడాతో పనిలేదు. వర్షపాతం ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు లెక్కించినదని ఒక్క వాక్యం చేర్చండి. లేకపోతే 'నిన్న వాన పడలేదు, పేపర్లో ఎలా వేశారు?' అన్న ప్రశ్న ఆగదు. అఫీలియన్ వివరణను మాత్రం జూన్ ఆఖరి వారంలోనే వేయండి, ఆ సందేశం జులై మొదటి రోజుల్లోనే ఇళ్లకు చేరిపోతుంది.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ