తల్లీ, నీ వేళ్లకి కాస్త టైమ్ ఇవ్వు

తల్లీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచీ మనసు మనసులో లేదు. కొత్త ఆఫీసులో విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ల్యాప్‌టాప్ ఇచ్చారని, విండోస్‌లో కళ్లు మూసుకుని చేసే పనికి ఇప్పుడు గంట పడుతోందని, టీమ్‌లో అందరి ముందూ ఏమీ రానిదానిలా కూర్చుంటున్నానని అన్నావు. అప్పుడు నాకు సరిగ్గా చెప్పడం చేతకాలేదు, అందుకే రాస్తున్నా.

నీకు రాకపోవడం కాదమ్మా, నీ చేతులకి పాత పద్ధతి బాగా వచ్చేసింది. అదే ఇప్పుడు అడ్డం పడుతోంది. టెర్మినల్‌లో, అదే కమాండ్లు టైప్ చేసే విండోలో, ఏదో కాపీ చేద్దామని కంట్రోల్ సీ కొడితే నడుస్తున్న ప్రోగ్రామ్ కాస్తా ఆగిపోయిందన్నావు చూడు, అక్కడ ఆ రెండు మీటలకి అర్థం 'ఆపెయ్' అని. కాపీకి షిఫ్ట్ కూడా కలపాలి. ఇందులో తెలివితేటల ప్రసక్తే లేదు, వేళ్ల అలవాటు మారాలి, దానికి కొన్ని వారాలు పడుతుంది.

నేను లినక్స్‌కి మారిన మొదటి రోజు నాకింకా గుర్తే. సిస్టమ్‌ని మార్చే అనుమతి కోసం కమాండ్ ముందు సుడో అని కొట్టి ఎంటర్ నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది, టైప్ చేస్తుంటే తెర మీద చుక్క కూడా కదలట్లేదు. కీబోర్డ్ పోయిందనుకుని ఒక్కో మీటా గట్టిగా నొక్కాను, కేబుల్ తీసి మళ్లీ పెట్టాను. నిజానికి అక్షరాలన్నీ లోపలికి వెళుతూనే ఉన్నాయి. పాస్‌వర్డ్ ఎంత పొడుగో కూడా పక్కవాళ్లకి తెలియకూడదని చాలా సిస్టమ్‌లలో అది ఏమీ చూపించదు, అంతే. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ సాయంత్రమంతా అంత టెన్షన్ పడేవాణ్ణి కాదు.

ఇలాంటివాటికి వెనక ఒక కారణం ఉంటుంది, అది తెలిస్తే చిరాకు సగం తగ్గుతుంది. లినక్స్‌ని లినస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకీలో చదువుకుంటూ మొదలుపెట్టాడు. కానీ దాని పద్ధతులు చాలావరకు 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌వి. అప్పట్లో ఒకే మెషిన్‌ని చాలామంది పంచుకుని వాడేవాళ్లు. అందుకే ఎవరి ఫైళ్లు వాళ్లవి, ఎవరి హోమ్ ఫోల్డర్ వాళ్లది, సిస్టమ్‌ని ముట్టుకోవాలంటే మాత్రం వేరే అనుమతి. సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని వెతక్కు, అవి ఉండవు. రూట్ అనే ఒకే మొదలు నుంచి అన్నీ కొమ్మలుగా వస్తాయి, నువ్వు పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా అదే చెట్టుకి ఇంకో కొమ్మగా చేరుతుంది. మొదట్లో నీ పనంతా నీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచుకో. ఇంకోటి, ఫైలు పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం దానికి వేర్వేరు. 'ఫైల్ లేదు' అంటే ముందు అది చూడు.

సాఫ్ట్‌వేర్ కోసం వెబ్‌సైట్లు పట్టుకుని తిరగొద్దు. నీది లినక్స్‌లో ఉబుంటు అనే రకం అన్నావు కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఆప్ట్ అనే కమాండ్‌తో తెచ్చుకోవచ్చు. అందులో అప్‌డేట్ అంటే ఏమేం వచ్చాయో జాబితా తెచ్చుకోవడం మాత్రమే, నిజంగా కొత్త వెర్షన్లు ఎక్కించేది అప్‌గ్రేడ్. ఈ తేడా తెలియక చాలా రోజులు అప్‌డేట్ ఒక్కటే కొడుతూ ఉన్నాను.

అన్నిటికన్నా ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. ఆర్‌ఎం కమాండ్‌తో తీసేసింది చెత్తబుట్టలోకి వెళ్లదు. ఒకసారి నేను ఉన్న ఫోల్డర్ ఏదో చూసుకోకుండా ఆర్‌ఎం కొట్టి మూడు నెలల లెక్కల ఫైళ్లు పోగొట్టుకున్నాను, బ్యాకప్ లేదు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ముందు పీడబ్ల్యూడీ కొట్టి ఎక్కడున్నానో చూసుకుంటాను, తర్వాత ఎల్‌ఎస్ కొట్టి ఏమున్నాయో చూస్తాను, ఆ తర్వాతే ఆర్‌ఎం. ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్, అందులోనూ సుడోతో మొదలయ్యేది, అర్థం కాకుండా అతికించకు. మ్యాన్ అని కొట్టి పక్కన ఆ కమాండ్ పేరు రాస్తే దాని సంగతంతా వస్తుంది, బయటికి రావడానికి క్యూ నొక్కు. మొత్తం చదవక్కర్లేదు, నీకు కావలసిన ఒక్క ఆప్షన్ వెతుక్కో చాలు.

కమాండ్ల జాబితా ముందేసుకుని బట్టీ పట్టొద్దు, రెండు రోజుల్లో మర్చిపోతావు. రోజూ నీకు నిజంగా అవసరమైన పని ఒకటి ఇందులోనే పూర్తి చెయ్, ఆలస్యమైనా సరే. ప్రతి చిన్నదానికీ పాత ల్యాప్‌టాప్ తెరిచావంటే మాత్రం వేళ్లు ఎప్పటికీ మారవు. పేర్లు పూర్తిగా టైప్ చేయకుండా రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కు, మిగతాది అదే నింపుతుంది. ముందు కొట్టిన కమాండ్ కావాలంటే పై బాణం మీట ఉంది. ఈ రెండూ పట్టుబడితే నీకే తేడా తెలుస్తుంది.

ఇవాళ రాత్రి హోమ్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, అందులో నాలుగు ఫైళ్లు పెట్టి, పేర్లు మార్చి, కాపీ చేసి, తీసేసి చూడు. ఎక్కడైనా ఆగిపోతే 'పని చేయట్లేదు నాన్నా' అని కాకుండా, నువ్వు ఏం కొట్టావో, అది ఏ ఎర్రర్ చూపించిందో, ఒక్క అక్షరం వదలకుండా పంపు. ఎంత రాత్రైనా పర్లేదు, మేలుకునే ఉంటాను.

నాన్న