చిన్నా, అది పంక్చర్ కాదు

తాళ్ళపాలెం,
శుక్రవారం రాత్రి

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోని చెల్లి తన ఫోన్లో పెద్దది చేసి చూపించింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు చూశాను. "వెనక టైరు పంక్చరైందమ్మా, అంతే" అన్నావు. ఇరవై రెండేళ్ళుగా ఈ జంక్షన్లో పంక్చర్లు వేస్తున్నదాన్ని రా నేను. మేకు దిగిన టైరుకీ, మెడ తెగిన వాల్వుకీ తేడా తెలీదనుకున్నావా? గాలి కొట్టడానికి రిమ్ములోంచి పైకి వచ్చే నల్ల రబ్బరు కాడ ఉంది చూడు, అదే వాల్వు, అది మొదట్లో సగం చీలిపోయి ఉంది. గాలంతా అక్కణ్ణుంచే పోయింది.

ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అంటావు, ఈలోపు ఎవరో పిలుస్తారు, పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. పొద్దున్నుంచీ లారీ టైర్లు రెండు విప్పాను, వేళ్ళు ఇంకా నా మాట వినడం లేదు.

వికారాబాద్ నుంచి వస్తూ చేవెళ్ళ రోడ్డులో, ఆ మర్రిచెట్ల మధ్య, రాత్రి తొమ్మిదింటికి బండి తోక ఆడించిందట. వెనక నీ ఫ్రెండు కూడా ఉన్నాడట. ఇదంతా నువ్వు చెల్లికి చెప్పావు, చెల్లి నాకు చెప్పేసింది. దాన్నేమీ అనకు. మీ నాన్నకి ఇంకా తెలీదు. అసలే నడుం నొప్పితో నిద్ర పట్టని మనిషికి ఇది కూడా ఎందుకని ఊరుకున్నాం.

ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే మేకే బిరడాలా అడ్డుపడుతుంది. గాలి మెల్లగా పోతుంది, ఊరు దాకా వచ్చేయొచ్చు. వాల్వు మొదట్లో చీలితే అడ్డుపడేదేమీ ఉండదు. నువ్వు "ఏమైంది" అనుకునేలోపు రిమ్ము రోడ్డుకి తగులుతుంది. మీ దగ్గరున్న పంక్చర్ కిట్టు పని చెయ్యలేదని ఆశ్చర్యపోయావట. ఆ తాడు ముక్కలు టైరు రోడ్డుకి ఆనే భాగంలో పడ్డ రంధ్రానికే రా. వాల్వుకి ఏ తాడూ పట్టదు, ఏ ప్యాచీ అతకదు. మార్చడం ఒక్కటే దారి.

ఇంతకీ ఎందుకు చీలింది? ఫొటోలో చీలిక పక్కనే సన్నసన్న పగుళ్ళు ఉన్నాయి, ఎండిన చెరువులో బురదలాగా. అవి ఒక్కరోజులో వచ్చినవి కావు. బండి నువ్వు కొనేటప్పటికే పాతది. దసరాకి వెనక టైరు మార్పించావు. అప్పుడు వాల్వు మార్చలేదు. టైరు కొత్తది వేస్తే వాల్వు కూడా కొత్తది వెయ్యాలి. మా దగ్గర మామూలు రబ్బరు వాల్వు 50 రూపాయలు. టైరు ఎలాగూ విప్పే ఉంటుంది కాబట్టి లాగి బిగించడానికి రెండు నిమిషాలు. ఆ 50 నువ్వు వద్దన్నావో, వాళ్ళు అసలు అడగలేదో నాకు తెలీదు. రబ్బరు ఎండకి, గాలికి దానంతటదే పెళుసెక్కుతుంది. పైగా వాటర్ సర్వీసింగుకి ఇచ్చినప్పుడు మెరవాలని బండంతా డీజిల్ కొడతారు కొందరు. అది రబ్బరుకి తగలడం మంచిది కాదు. ఈసారి ఇస్తే వద్దని చెప్పు.

రెండోది ఆ మూతలు. గాలి ఎంతుందో ఫోన్లో చూపిస్తాయని ఆన్‌లైన్లో తెప్పించావు కదా, వాల్వు మీద బిగించే సెన్సర్లు. మామూలు ప్లాస్టిక్ మూత ఒక గ్రాము కూడా ఉండదు. నీది 10 గ్రాములని దాని డబ్బా మీదే రాసుందట. పది గ్రాములు ఏపాటి అని నేనూ అనుకున్నాను. చెల్లి కాగితం తీసుకుని లెక్క కట్టింది. బండి 80లో వెళ్తుంటే, చక్రం తిరిగే జోరుకి ఆ పది గ్రాములే దాదాపు కిలో బరువై టైరు వైపుకి తోస్తాయట. నెత్తిన కిలో రాయి పెడితే ఆ రబ్బరు కాడ నిటారుగా ఎలా నిలబడుతుంది? పక్కకి వంగుతుంది. బండి ఆగితే మళ్ళీ లేస్తుంది. నువ్వు చూసినప్పుడల్లా బాగానే కనిపిస్తుంది. అలా వంగీ లేచీ, వంగీ లేచీ, పాత పగులు దగ్గర తెగింది. గాలి తగ్గితే చెప్పాల్సిందే గాలి తీసేసింది. కుర్రాళ్ళు పెట్టుకునే లైటు మూతలు, పుర్రె బొమ్మ మూతలు కూడా ఇదే బాపతు. సెన్సర్ కావాలంటే పెట్టుకో, కానీ రిమ్ముకి నట్టుతో బిగించే మెటల్ వాల్వు వేయించాకే.

అలాగని మూత లేకుండా తిరగకు. వాల్వు లోపలి పిన్నుని లోపలికి నొక్కితేనే కదా గాలి బయటికి వచ్చేది. చక్రం జోరుగా తిరిగేటప్పుడు అదే ఊపు ఆ పిన్నుని కూడా లోపలికి నెట్టాలని చూస్తుంది. మూత గట్టిగా ఉంటే కాస్త గాలి లీకైనా అక్కడ ఆగుతుంది. పైగా దుమ్ము పడదు. మన వైపు అల్యూమినియం మూతలు ఇంకో రకం తలనొప్పి. భీమిలి, వైజాగ్ బీచి రోడ్డు బళ్ళకి ఉప్పు గాలి తగిలి ఆ మూతలు ఇత్తడి మరలకి కరుచుకుపోతాయి. పటకారు పెట్టి తిప్పితే మూత రాదు, వాల్వు మెలి తిరిగి మెడ తెగుతుంది. అలా మేమే రెండు తెంపాం, చెప్పుకుంటే సిగ్గు.

బంకులో గాలి కొట్టేటప్పుడు కూడా చూసుకో. బ్రేకు డిస్కుకీ వాల్వుకీ మధ్య చోటు చాలదు, గాలి గొట్టం తల పట్టదు. ఆ కుర్రాడు వాల్వుని బలంగా పక్కకి వంచి దూరుస్తాడు. వెనక మరో పది బళ్ళు హారన్ కొడుతుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?

ఇప్పుడొక సంగతి చెప్తాను. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

మూడేళ్ళ కిందట, డిసెంబరులో. నీకు తెలుసుగా, ఆ నెల వస్తే వైజాగ్ నుంచి లంబసింగి పోయే బళ్ళన్నీ తెల్లవారుజామున మూడింటికి మన జంక్షన్లోనే మలుపు తిరుగుతాయి. మంచు చూడాలంటే తెల్లారేసరికి పైన ఉండాలి కదా. ఆ రోజు గాలికి ఏడెనిమిది బళ్ళు వరసలో ఉన్నాయి. మీ నాన్న మంచం మీంచి లేవలేని రోజులవి. నేనొక్కదాన్నే. పుల్లల చక్రం బుల్లెట్ ఒకటి వచ్చింది. మొగుడూ పెళ్ళాలు, కొత్తగా పెళ్ళైనవాళ్ళలా ఉన్నారు. గేజు పెడుతుంటే కనబడింది: వెనక వాల్వు నిటారుగా లేదు. తల వాల్చేసి ఉంది.

ఇలాంటి ట్యూబు బళ్ళకి ఇది ఎందుకొస్తుందంటే, గాలి తక్కువుండగా తిప్పితే బ్రేకు వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జారుతుంది. టైరుతో పాటు ట్యూబూ జరుగుతుంది. వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. అందుకే వంగుతుంది. వంగిందంటే లోపల మెడ దగ్గర రబ్బరు లాగబడుతోందని అర్థం. దానికి తోడు ఆ బండికి వాల్వు నట్టు రిమ్ముకి ఆనించి పటకారుతో బిగించేశారు ఎవరో. అది వదులుగా ఉండాలి. గాలి తీసి, టైరుని రిమ్ము మీద వెనక్కి జరిపి సరిచెయ్యాలంటే అరగంట పని. వెనక ఆరుగురు చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. గాలి కొట్టి, పది రూపాయలు తీసుకుని పంపేశాను. ఒక్క మాట చెప్పలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి ట్రాలీ ఆటోలో వచ్చారు, బుల్లెట్‌ని పడుకోబెట్టి. అదృష్టం, ఘాట్‌లో కాదు. దిగిపోయాక, నర్సీపట్నం దాటి వస్తుంటే పోయిందట. ఆ అమ్మాయి మోచెయ్యి గీరుకుపోయి, చున్నీ చుట్టుకుని ఉంది. ట్యూబు బయటికి తీస్తే వాల్వు నా చేతిలోకి విడిగా వచ్చేసింది. ఆ అబ్బాయి నన్నొక్క మాట కూడా అనలేదు. ఎందుకంటాడు, పొద్దున నేను చూశానని అతనికి తెలీదు కదా. పైగా "మీరే గాలి కొట్టారు కదండీ, అందుకే మీ దగ్గరికే తెచ్చాం" అన్నాడు. కొత్త ట్యూబు వేసి కూలి తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో వాళ్ళకి అర్థం కాలేదు.

అందుకే నీ టైరు మార్చినవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆ పగుళ్ళు వాడూ చూసే ఉంటాడు. వాడి వెనకా ఆరుగురు నిలబడి ఉంటారు. మేము చూస్తాం రా చిన్నా, అన్నిసార్లూ చెప్పం. నీ బండి నువ్వే చూసుకో.

చూడ్డానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. పొద్దున బండి తీసే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి వేలికి కాస్త ఉమ్మి రాసి వాల్వు మూతి మీద పెట్టు. బుడగ లేస్తే పిన్ను వదులైందన్నమాట, లేదా పోయిందన్నమాట. పిన్ కీతో ఓ చుట్టు బిగిస్తే ఆగొచ్చు, ఆగకపోతే పిన్ను మార్చాలి. దానికి టైరు విప్పక్కర్లేదు. తర్వాత సబ్బు నీళ్ళు వాల్వు మొదట్లో పోసి, కాడని వేలితో నెమ్మదిగా నాలుగు వైపులా వంచి చూడు. నిటారుగా ఉన్నప్పుడు రాని బుడగ వంచినప్పుడు వస్తుంది. వచ్చిందా, ఆ రోజు ఆఫీసుకి బస్సులో వెళ్ళు. వారానికోసారి రెండు మూడు పాయింట్లు తగ్గుతోంది, మేకేమీ కనబడట్లేదు అంటే ముందు అనుమానించాల్సింది వాల్వునే.

దారిలో మళ్ళీ ఎప్పుడైనా పోతే: వెనకది పోయినప్పుడు వెనక బ్రేకు తొక్కకు. మొన్న తొక్కావట, అందుకే తోక అంతలా ఆడింది. హ్యాండిల్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, బండి దానంతటదే నెమ్మదించాక ముందు బ్రేకు తేలిగ్గా వాడు. ముందుది పోతే దీనికి తిరగేసి. కంగారుపడి పక్కకి కొయ్యకు.

ఆ రాత్రి వచ్చిన మెకానిక్ తెగిన వాల్వు పీకేసి, లోపల ట్యూబు పెట్టి పంపించాడన్నావు. ఆ వేళకి అతను చేసింది మంచి పనే, ఇంటికి చేర్చాడు. కానీ అదే బాగుందని వదిలెయ్యకు. ట్యూబుంటే మేకు దిగినప్పుడు గాలి ఒక్కసారిగా పోతుంది, ట్యూబ్‌లెస్‌కి ఉన్న లాభమంతా పోయినట్టే. ఈ వారంలోనే తీయించు. ముందు చక్రం వాల్వు కూడా అప్పుడే మార్పించు, అదీ అదే వయసుది.

మెటల్ వాల్వులు రెండు పంపుదామని తీసి పెట్టాను. అయితే రిమ్ముల్లో రంధ్రాలు రెండు సైజులుంటాయి, 11.3 మిల్లీమీటర్లు ఒకటి, 8.3 ఒకటి. నీ బండికి ఏదో నాకు తెలీదు. టైరు విప్పినప్పుడు దగ్గరుండి కొలిపించు. తెగిన పాత వాల్వు ఇంకా నీ దగ్గరుంటే దాని మొదట్లో ఒక నంబరు అచ్చువేసి ఉంటుంది, అది చదివి చెప్పినా చాలు. పెద్ద మామయ్య బుధవారం రాత్రి బస్సుకి హైదరాబాద్ వస్తున్నాడు. మంగళవారంలోపు ఫోన్ చేశావంటే వాల్వులు, ఒక పిన్ కీ, చింతకాయ పచ్చడి ఒకే సంచిలో పెట్టి ఇస్తాను. పచ్చడి డబ్బా మూత మాత్రం నేనే బిగిస్తాను, పోయినసారి చెల్లి బిగించి మామయ్య చొక్కా పాడుచేసింది.

అమ్మ