చిట్టి ఇంటికొచ్చింది, అందరికీ దండాలు

మా పిల్లి చిట్టి ఆపరేషన్ అయి నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. ఈ పొద్దున ఉడకబెట్టిన చికెన్ రెండు ముక్కలు తిని, కుట్టుమిషన్ కింద తన జాగలోనే పండుకుంది. అది తింటుంటే మా అమ్మ కండ్లు తుడుచుకుంది. మీకందరికీ చెప్పాలని ఇప్పుడు కూసున్న.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు గునుగు పూలు కట్టలు కట్టి రంగులద్దుతున్నం. దారం ఉండ నేల మీదనే వదిలేసిన. చిట్టి దాంతో ఆడుతుంటే మంచిగుందని వీడియో కూడా తీసిన. తెల్లారి నుంచి వాంతులు. వెంట్రుకలు కక్కుతుందేమో అనుకున్న, పండుగ పనిలో పడిపోయిన. తప్పు నాదే. దసరా నాడు అది మంచం కింది నుంచి బయటికే రాలేదు, నీళ్లు తాగినా నిలవలేదు. సాయంత్రం ఎత్తుకుంటే తోక కింద జానెడు గులాబి రంగు దారం వేలాడుతున్నది.

దాన్ని గుంజబోయిన. వేళ్ల మధ్యకు తీసుకున్న కూడా. అప్పుడే ఎదురింటి వదిన మామునూరు వెటర్నరీ కాలేజీలో చదివే తమ్మునికి ఫోన్ కలిపి నా చెవి కాడ పెట్టింది. "అక్కా, గుంజకు! పేగు తెగుతది" అన్నడు. తమ్మీ, ఆ ఒక్క మాటే మా చిట్టిని బతికించింది.

పండుగ కదా, ఫోన్ చేసిన రెండు చోట్లా ఎవరూ ఎత్తలేదు. డాక్టరమ్మ మాత్రం జమ్మి పెట్టుకొని అలయ్ బలయ్ తీసుకునే పొద్దులో ఇంటి నుంచి వచ్చి క్లినిక్ తెరిచింది. బొటనవేలితో దవడ కింద ఒత్తి నాలుక లేపి చూపించింది. దారం నాలుక మొదట్లో చుట్టుకొని కండలోకి దిగి ఉంది. పిల్లి నాలుక మీది ముండ్లు లోపలికి తిరిగి ఉంటయట, నోట్లోకి పోయిన దారాన్ని అది ఉమ్మలేదు. ఒక కొస పైన చిక్కుకుంటే, పేగు దాన్ని ముందుకు నెట్టాలని చూసీ చూసీ తానే దారం మీద ముడుచుకుంటది, లంగా బొందు గుంజితే కుచ్చులు పడ్డట్టు. అట్లున్నప్పుడు గుంజితే దారం కత్తి లెక్క పేగును కోస్తది. ఎక్స్‌రేలో దారం కనబడలేదు, ఆ ముడతలే కనబడ్డయి. పొట్టా, పేగూ తెరిచి ముక్కలు ముక్కలుగా తీసిన్రు.

అర్ధరాత్రి దాకా బయట నిలబడి పైసలు తీసుకోని కాజీపేట ఆటో అన్నకు, స్కూటీ మీద మందులు తెచ్చిన వదినకు, అడగకముందే ఫోన్ల పైసలు పంపిన మా గల్లీ వాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్న. పైసలు నెలాఖరుకు తిరిగిస్త.

ఇంటికొచ్చినంక ఇల్లంతా వెతికినం. పూలదండల దారాలు, కర్రీ పాకెట్ల రబ్బర్ బ్యాండ్లు, జడ రబ్బర్లు, సూదులు, బటన్ సెల్లు అన్నీ మూత డబ్బాల పెట్టినం. బీరువాలో కలరా ఉండలు తీసేసినం. పిల్లులున్న వాళ్లు ముఖ్యంగా పారాసెటమాల్ దాచిపెట్టుండ్రి. జ్వరమని జాలిపడి వేసేటోళ్లు ఉన్నరు, పిల్లి కాలేయం ఆ మందును తట్టుకోలేదు, ఒక్క గోళీతోనే ప్రాణం పోవచ్చు. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ కూడా ఇంట్లకు తేవొద్దు, దాని పుప్పొడి నాకినా కిడ్నీలు పోతయి. మనం దండలు కట్టే లిల్లీ వేరు.

డాక్టరమ్మా, ఆ రాత్రి మీకు జమ్మి ఆకు పెట్టలేకపోయిన. దేవుని పటం కాడ దాచిన. కుట్లు తీయించే నాడు తెస్త.