గ్లాసు కడిగేశారట

ఒరేయ్ శీనూ,

ఫోనెత్తలేదని అలిగావట. శనివారమంతా మా ఆఫీసు అమ్మాయి వెంట పోలీస్ స్టేషనుకీ ఆసుపత్రికీ తిరుగుతూనే ఉన్నాను. ముందురోజు పార్టీలో ఎవడో ఆమె గ్లాసులో ఏదో కలిపాడు. సగం తాగానో లేదో కాళ్లు తేలిపోయాయంది. ఆ తర్వాత అంతా చీకటి. అదృష్టం బాగుండి స్నేహితురాలు ఇంటికి చేర్చింది.

స్టేషన్లో మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "ఎన్ని గ్లాసులు తాగారమ్మా?" కలిపినవాడి గురించి కాదు! ఆమె "గుర్తులేదు" అన్నప్పుడల్లా ఆ పోలీసాయన కాగితం మీద చిన్న గీత గీశాడు. నేను లెక్కపెట్టాను, ఏడు గీతలు. గుర్తులేకపోవడమే కదరా ఆ మందు చేసే పని!

రక్తం, మూత్రం తీసుకునేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఇలా గ్లాసుల్లో కలిపే మత్తుమందుల్లో జీహెచ్‌బీ అని ఒకటుంది, కాస్త ఉప్పగా ఉంటుందంతే. దాని జాడ మూత్రంలో కూడా సుమారు పన్నెండు గంటలే నిలుస్తుంది. పైగా మామూలు పరీక్షలో కనపడదు, విడిగా అడగాలి. మత్తు దిగి, సిగ్గు దిగి, ఎవరికైనా చెప్పే ధైర్యం వచ్చేసరికి ఆ గడువు కాస్తా దాటిపోతుంది. రేపు రిపోర్టులో 'దొరకలేదు' అని వస్తే దాన్ని 'ఏమీ జరగలేదు' అని చదువుతారేమోనని నా భయం.

చట్టం లేక కాదు. నేరం చేసే ఉద్దేశంతో మత్తుమందు పెడితే పదేళ్ల వరకు జైలని 1860 నాటి ఐపీసీ 328వ సెక్షన్లోనే ఉంది. ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో 123వ సెక్షను. ఇంగ్లండులో లైంగిక ఉద్దేశంతో పెడితే 2003 చట్టం కింద అక్కడా పదేళ్లే. కానీ కలిపిన చెయ్యి ఎవరిదో ఎవరు చెప్పాలి?

ఫ్రాన్సులో జిసెల్ పెలికో కేసు చూడు. భర్త ఏళ్ల తరబడి మత్తిచ్చి పరాయి మగాళ్లకు అప్పగించాడు. 2024 డిసెంబరులో అతనితో కలిపి 51 మందిని దోషులుగా తేల్చారు, అతనికి 20 ఏళ్లు పడ్డాయి. ఆవిడకు ఏమీ గుర్తులేదు. వాడే తీసిపెట్టుకున్న వీడియోలు దొరికాయి కాబట్టి కేసు నిలబడింది. ఇక్కడ అలాంటి వెధవ వీడియో తీయకపోతే?

అన్నట్టు, ఆ గ్లాసు రాత్రే కడిగేశారట. సీసీటీవీ కోసం సోమవారం ఉత్తరం పంపిస్తామన్నారు. అప్పటిదాకా ఫుటేజీ ఉంటుందో చెరిగిపోతుందో!

మీ బావగారి స్నేహితుడు క్రిమినల్ లాయరన్నావు కదా. ఈ ఉత్తరం అందగానే ఆయన నంబరు పంపు, మిగతా కబుర్లు తర్వాత. అమ్మను అడిగానని చెప్పు.

నీ
రవి