బాకీ సర్కారుది, సర్టిఫికెట్లు మా పాపవి

ఎడిటర్ గారికి నమస్తే,

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీ గేటు ఎదురుంగ జిరాక్స్ షాపు నడుపుత, పదకొండేండ్ల సంది. ఏటా పిల్లలు ఈపాస్ (సర్కారు స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు) రెన్యువల్ చేసుకునేది నా దగ్గర్నే. ఇన్‌కం, క్యాస్ట్, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సులు అన్నీ పిన్ను కొట్టి సెట్టు చేసి కాలేజీల ఇస్తరు, మళ్ల మీసేవకు పోయి వేలిముద్ర వేసొస్తరు. అందుకే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడ మొదలై ఏడ ఆగుతదో నాకు బాగనే తెలుసు. తెలిసి కూడ నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి నేనూ దొరికిపోయిన.

మా పాప 2021 ఎంసెట్ల (అప్పటికింకా ఈఏపీసెట్ అని పేరు మార్చలే) సీటు కొట్టింది, కన్వీనర్ కోటాలనే. మేం బీసీలం, ర్యాంకు పదివేల లోపల ఉంటే మొత్తం ఫీజు సర్కారే కడతది, దాటితే 35 వేలే, మా పాపది దాటింది. కాలేజీ ఫీజు 80 వేలు కాబట్టి మిగిలిన 45 వేలు ఏ యేడుది ఆ యేడు నేనే కట్టిన, లేట్ ఫీజు కూడ పడనియ్యలే. 2025ల బీటెక్ అయిపోయింది, హైదరాబాద్‌ల ఒక చిన్న కంపెనీల జాబ్ వచ్చింది, ఒరిజినల్స్ తెచ్చుకుంటే జాయిన్ అయిపోవుడే అనుకున్నం. పోతే నో డ్యూస్ ఫారం చేతుల పెట్టిన్రు, లైబ్రరీ సంతకం, ల్యాబ్ సంతకం, హాస్టల్ల ఒక్కరోజు ఉండకున్నా హాస్టల్ వార్డెన్ సంతకం, ఇవన్నీ మూడు రోజులు తిరిగి చేయించుకుంటే ఆఖరికి అకౌంట్స్ కౌంటర్ల ఆపిన్రు. మూడో యేడు, నాలుగో యేడు ఆర్‌టీఎఫ్ (సర్కారు కట్టాల్సిన ట్యూషన్ ఫీజు) రాలేదంట, 70 వేలు కడితేనే మెమోలు, టీసీ, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) ఇస్తరంట, సర్కారు ఇచ్చినంక మావి మాకు వాపస్ ఇస్తరంట.

నేను షాపుకొచ్చి ఈపాస్ తెరిచి చూసిన. రెండేండ్లవీ శాంక్షన్ అనే ఉంది. అంటే ఈ పిల్లకు ఇయ్యాల్సిందే అని సర్కారే ఒప్పుకున్నది, పైసలే రాలేదు. వచ్చినా ఆర్‌టీఎఫ్ పడేది కాలేజీ అకౌంట్ల, మా చేతికి రాదు. ఇచ్చేది వాళ్లు, తీసుకునేది వీళ్లు, మధ్యల మా పాప టెన్త్ మెమో ఎందుకు బీరువాల ఉండాలె సార్? 2018లనే యూనివర్సిటీలను, కాలేజీలను చూసే యూజీసీ ఒరిజినల్స్ కాలేజీలు పట్టుకోవద్దని నోటిఫికేషన్ ఇచ్చింది. అది ప్రింట్ తీసి పట్టుకపోయి క్లర్కుకు ఇచ్చిన, ఆయన చదవను కూడ చదవలే, అడ్మిషన్ నాడు మేం సంతకం పెట్టిన బాండ్ పేపర్ తీసి చూపెట్టిండు. సర్కారు ఇయ్యకపోతే మేమే కడతం అని అందుల ఉన్నది. ఆ బాండ్ టైప్ చేసింది కూడ నా షాపులనే, ఆ యేడు రెండొందల మందికి కొట్టిచ్చిన, ఒక్కటీ సరిగ చదవలే.

కాలేజీలది కూడ పూర్తిగ అబద్ధమని నేను అనను. 2025 నవంబర్ల బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టిన సంగతి మీ పేపర్లనే చదివిన. మా పాపకు పాఠం చెప్పిన సారే నెలల తరబడి జీతం లేక నా దగ్గర రికార్డులు బైండింగ్ చేయించి అప్పు రాయించి పోతుండె. ఈ స్కీమే లేకపోతే నా బిడ్డ బీటెక్ గడప తొక్కకపోవు, అది కూడ ఒప్పుకుంట. కానీ సర్కారును అడగలేక పిల్లల గల్ల పట్టుకునుడు ఏం పద్ధతి?

నేను అడిగేది పెద్దదేం కాదు. ఈపాస్‌ల శాంక్షన్ అని ఉన్న పిల్లల సర్టిఫికెట్లు ఆపొద్దని కలెక్టర్ల నుంచి ఒక ఆర్డర్ ఇప్పియ్యండి, ఆ బాండ్ పేపర్లు బంద్ చేయించండి. కాలేజీకి పైసలు పడ్డ రోజు పిల్లల ఫోన్‌కు మెసేజ్ వచ్చేటట్టు చేయండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే పడ్డయో లేదో కాలేజీ చెప్తేనే మాకు తెలుస్తుంది. రెండేండ్ల కింద ఇట్లనే కట్టిన ఒక పిలగాడు ఇప్పటికీ నా షాపుల కూసోని అకౌంట్స్ సెక్షన్‌కు ఫోన్ చేస్తుంటడు, ఎత్తరు.

కంపెనోళ్లు జాయినింగ్ డేట్ రెండుసార్లు జరిపిన్రు, మూడోసారి కుదరదన్నరు. ఇగ చేసేదేం లేక లక్ష రూపాయల చిట్టి 22 వేలు నష్టానికి పాడి, 70 వేలు కట్టి, ఒరిజినల్స్ తెచ్చుకున్నం. దానికి రసీదు అడిగితే కాలేజీ బుక్కుల రాయలే, తెల్లకాగితం మీద డిపాజిట్ అని రాసి సంతకం పెట్టిచ్చిన్రు, స్టాంపు లేదు. ఇంకు చెరిగిపోతదని దానికి నేనే లామినేషన్ చేసి గల్లాపెట్టెల పెట్టిన.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు ఓనర్, నల్లగొండ జిల్లా