చేరిన రోజుతో ఫైలు మూసేయకండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

నిరుద్యోగం గురించి మీ పత్రికలో వార్త వచ్చిన ప్రతిసారీ ఎన్ని ఖాళీలు ఉన్నాయో, ఎంతమందికి ఉద్యోగాలు దొరికాయో చదువుతుంటాను. అలా దొరికినవారిలో ఆరు నెలల తర్వాత ఎంతమంది పనిలో మిగిలారన్న లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు. ఉపాధి సలహాదారుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి ఈమధ్యే విరమణ పొందాను. మా వృత్తిలో అసలైన కష్టమంతా ఆ కనిపించని లెక్కలోనే ఉందని నా అనుభవం. అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్లుగా పని లేక తిరిగిన ఒక పెద్దమనిషికి గోదాములో సరుకు లెక్క చూసే ఉద్యోగం దొరికింది. చేరిన రోజున రిజిస్టరులో 'పని దొరికింది' అని రాసి, నిబంధన ప్రకారం ఆయన ఫైలు మూసేశాను. పంతొమ్మిదో రోజున ఆయన మళ్లీ నా బల్ల ముందు కూర్చున్నారు. ఎందుకు మానేశారని అడిగితే, "ఏం లేదమ్మా, నాకు కుదరలేదు" అన్నారు. నెమ్మదిగా మళ్లీ మళ్లీ అడిగితే జేబులోంచి ఒక మడత కాగితం తీశారు. దాని మీద ఏడు నంబర్లు ఉన్నాయి. చేతిలో పట్టుకుని వాడే స్కానరులో ఒక పెట్టె తప్పుగా నమోదైతే దాన్ని ఎలా రద్దు చేయాలో ఆయనకు తెలియలేదు. పక్కనున్న కుర్రవాణ్ని రెండుసార్లు అడిగారు, ఆ అబ్బాయి ఓపికగా చూపించాడు. మూడోసారి అడగడానికి మొహం చెల్లక, తర్వాత సరిచేద్దామని ఆ నంబరును కాగితం మీద రాసుకున్నారు. నంబర్లు ఏడయ్యేసరికి, సూపర్‌వైజరు కంట పడితే పరువు పోతుందన్న భయంతో పన్నెండో రోజు నుంచి వెళ్లడం మానేశారు.

ఆ ఏడు నంబర్లు సరిచేయడానికి పది నిమిషాలు చాలు. మొదటి వారంలో ఒక్కసారి ఫోన్ చేసి "ఎలా ఉందండీ?" అని అడిగి ఉంటే సరిపోయేది. ఫైలు మూసేశాక ఫోన్ చేయడం మా పని కాదన్నది నిబంధన, నేనూ దాన్నే పాటించాను. ఆ తప్పులో నా వంతు నాకు ఈరోజుకీ గుర్తుంది.

ఇంత చిన్న విషయానికి ఉద్యోగం వదులుకుంటారా అని పనిలో ఉన్నవాళ్లు ఆశ్చర్యపోతారు. చాలాకాలం ఖాళీగా ఉండవలసి వచ్చిన మనిషికి డబ్బుతో పాటు ఇంకేం కరిగిపోతాయో వాళ్లకు తెలిసే అవకాశం తక్కువ. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మారియెంటాల్ అనే ఊళ్లో, ఊరంతటికీ ఆధారమైన మిల్లు మూతపడినప్పుడు, మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ బృందంతో అక్కడి జీవితాన్ని దగ్గరగా గమనించారు. చదువుకోవడానికి రోజంతా తీరిక దొరికింది, గ్రంథాలయంలో రుసుము కూడా తీసేశారు. అయినా రెండేళ్లలో అక్కడ పుస్తకాలు తీసుకోవడం దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో మగవాళ్ల నడకను వాచీ పెట్టుకుని లెక్కగట్టినప్పుడు, చాలామంది ఎక్కడికీ తొందర లేనట్టు ఆగి ఆగి నడుస్తున్నారని తేలింది. పొద్దున్నే లేవడానికి ఒక కారణం, తెలియనిది అడిగే చొరవ, తాను ఎవరికో పనికొస్తాననే నమ్మకం కూడా ఉద్యోగం వెంటే పోతాయి. నియామకపత్రం చేతిలో పెట్టినంతలో అవి తిరిగి రావు.

యజమానుల వైపు నుంచి చూసినా ఇదే గోడ అడ్డొస్తుంది. అమెరికాలో పరిశోధకులు వేలాది కల్పిత దరఖాస్తులు పంపి చూసిన ప్రయోగం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఖాళీగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ ఇంటర్వ్యూ పిలుపులు తగ్గాయని, ఆ తగ్గుదల ఎక్కువగా మొదటి ఎనిమిది నెలల్లోనే జరిగిందని అందులో తేలింది. ఏడాది దాటాక ప్రత్యేక పథకంలో చేర్చుకుందామని కూర్చోకుండా, పని పోయిన కొత్తల్లోనే చేయి అందించాలని మేము మొత్తుకునేది ఇందుకే.

సలహా కేంద్రాల్లో జరిగే మిగతా పని గురించి ఎక్కువ చెప్పను. బయోడేటా రాయించడం, ఇంటర్వ్యూకు సిద్ధం చేయడం, ఖాళీలు వెతికి చూపడం అవసరమైనవే, అందరికీ తెలిసినవే. ఉపాధి సేవ ఉచితంగా అందాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948 నాటి 88వ ఒప్పందంలోనే చెప్పింది. ప్రైవేటు ఏజెన్సీలు కూడా, కొన్ని మినహాయింపులు తప్ప, పని వెతుక్కునేవారి దగ్గర రుసుము వసూలు చేయకూడదని 1997 నాటి 181వ ఒప్పందం చెబుతోంది. పని ఇప్పిస్తామంటూ ఎవరైనా ముందే డబ్బు అడిగితే అనుమానించమని నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మరో పద్ధతి గురించి. ముందు నెలల తరబడి శిక్షణ ఇచ్చి, మనిషి 'సిద్ధమయ్యాక' ఉద్యోగం వెతకడం పాత పద్ధతి. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం 1990ల్లో అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ రూపొందించిన పద్ధతి దీన్ని తిరగేసింది. మనిషి కోరుకున్న మామూలు ఉద్యోగాన్ని త్వరగా వెతికి, నేర్పవలసింది పనిచోటే నేర్పి, చేరాక కూడా గడువు పెట్టుకోకుండా వెన్నంటి ఉండాలన్నది దాని సారం. ఒక సలహాదారు చేతిలో సుమారు ఇరవై మందికి మించి ఉండకూడదన్న నియమమూ ఉంది. యూరప్‌లోని ఆరు నగరాల్లో 312 మందితో దీన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఈ పద్ధతిలో సాయం అందినవారిలో 55 శాతం మందికి మామూలు ఉద్యోగం దొరకగా, పాత పద్ధతిలో ఆ సంఖ్య 28 శాతమే. 'వీళ్లు పని చేయలేరు' అని లోకం ముందే తేల్చేసిన మనుషుల విషయంలో ఇది సాధ్యమైంది.

నా చేతి కింద ఒక్కోసారి రెండు వందలకు పైగా పేర్లుండేవి. అంతమందిలో ఎవరి బిడ్డకు ఒంట్లో బాగాలేదో, ఎవరికి మొదటి జీతం చేతికందేదాకా రానూపోనూ ఖర్చులకు డబ్బు లేదో, ఎవరు రాత్రి షిఫ్టులో మందుల వేళ తప్పిపోయి ఇబ్బంది పడుతున్నారో గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల కాదు. పని పోయేది మాత్రం ఎక్కువగా ఇలాంటి వాటి వల్లే. జీతం అడ్వాన్సుగా కొంత ఇప్పించడానికో, షిఫ్టు మార్పించడానికో యాజమాన్యంతో ఒక్క మాట చాలిన సందర్భాలు నాకు ఎన్నో తెలుసు. అయితే ఆ మాట ఆ మనిషి అనుమతితోనే జరగాలి. తన జబ్బు సంగతి యజమానికి చెప్పాలో వద్దో తేల్చుకునే హక్కు పూర్తిగా ఆ మనిషిదే. మంచి ఉద్దేశంతోనైనా సరే, సలహాదారు ఆ గీత దాటితే నమ్మకం మళ్లీ అతకదు.

ఇలాంటి సేవలు ఉద్యోగాలను సృష్టించలేవన్న విమర్శను నేను ఒప్పుకుంటాను. ఫ్రాన్సులో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో, సాయం అందినవారికి కలిగిన మేలులో కొంత సాయం అందనివారి అవకాశాలను తగ్గించి వచ్చినదేనని బయటపడింది. ఖాళీలే లేనిచోట సలహాదారును నియమించి, పని దొరకని తప్పును నిరుద్యోగి మీదకు నెట్టడం అన్యాయం. ఖాళీ ఉండి, మనిషి అందులో చేరి, అడగడానికి ఎవరూ లేక వెనక్కి వస్తున్నచోట మాత్రం తప్పు మా సేవలదే.

కాబట్టి ఉపాధి పథకాలు నడిపేవారిని మీ పత్రిక ద్వారా ఒకటి అడుగుతున్నాను. చేరిన రోజుతో ఫైలు మూసేయకండి. మొదటి వారం, మొదటి నెల, మూడో నెల, ఆరో నెల ఫోన్ చేయడాన్ని సలహాదారు విధిగా నిర్ణయించి, అందుకు సరిపడా మనుషులను నియమించండి. మీ ఫలితాలను ఆరో నెల లెక్కతో ప్రకటించండి. మీ విలేకరులు కూడా ఇకమీదట ఆ లెక్కే అడగాలని నా విన్నపం.

ఆ పెద్దమనిషికి రెండు నెలల తర్వాత మరో గోదాములో పని దొరికింది. ఈసారి నిబంధనతో సంబంధం లేకుండా ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్ చేశాను. మొదటి నాలుగు వారాలు ఏదో ఒక సందేహం అడిగేవారు. ఒకసారి ఫోన్ పట్టుకునే ఉండమని, స్కానరు ముందు నిలబడి, ఏ మీట నొక్కాలో సూపర్‌వైజరునే అడిగారు. ఆ మాటలు నాకూ వినిపించాయి. ఐదో శుక్రవారం ఫోన్ చేస్తే, "లోడు దిగుతోందమ్మా, తర్వాత మాట్లాడతాను" అని పెట్టేశారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధి సలహాదారు